చతురస్ర మాత్రికను ఉన్నచోటే తిప్పబోతే అద్దంలో బొమ్మలా వస్తోంది, తప్పు ఎక్కడుంది?

కావలి విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను కావలిలో డిగ్రీ చివరి సంవత్సరం, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. పోయిన వారం ప్రాక్టికల్స్‌లో మాకు ఒక లెక్క ఇచ్చారు. అడ్డు వరుసలూ నిలువు వరుసలూ సమానంగా ఉన్న మాత్రికను 90 డిగ్రీలు సవ్యదిశలో తిప్పాలి, కానీ రెండో మాత్రిక తయారుచేయకూడదు, ఉన్న గళ్ళలోనే అంకెలు చోట్లు మారాలి. రెండో మాత్రిక పెట్టుకుని చేయడం నాకు వచ్చు. ఉన్నచోటే తిప్పమన్నప్పుడు మాత్రం ఒక గడిలో కొత్త అంకె రాయగానే పాత అంకె పోతుంది కాబట్టి, ఏది ముందు రాయాలో తెలియక తడబడుతున్నాను.

ముందు ట్రాన్స్‌పోజ్ చేసి (అంటే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి), ఆ తర్వాత ప్రతి అడ్డు వరుసనూ తిరగేయాలని మా నోట్సులో ఒకే వాక్యం ఉంది. దాని ప్రకారమే పైథాన్‌లో రాశాను. అందరూ చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు మాటల్లో పెడుతున్నాను. ఇందులో మా అంటే మాత్రిక, వ అంటే అడ్డు వరుస సంఖ్య, ని అంటే నిలువు వరుస సంఖ్య, ప అంటే పరిమాణం. లెక్క 0 నుంచి మొదలవుతుంది.

ప్రతి వ, 0 నుంచి ప-1 వరకు:
    ప్రతి ని, 0 నుంచి ప-1 వరకు:
        మా[వ][ని], మా[ని][వ] ఒకదానితో ఒకటి మార్చు
ప్రతి వ, 0 నుంచి ప-1 వరకు:
    మా[వ] అడ్డు వరుసను తిరగెయ్యి

ఇచ్చిన మాత్రిక:
1 2 3 4
5 6 7 8
9 10 11 12
13 14 15 16

నాకు వచ్చింది:
4 3 2 1
8 7 6 5
12 11 10 9
16 15 14 13

రావలసింది:
13 9 5 1
14 10 6 2
15 11 7 3
16 12 8 4

ప్రోగ్రాం ఎక్కడా ఆగడం లేదు, ఎర్రర్ కూడా చూపించడం లేదు. నాకు వచ్చినది తిప్పినట్టు కాకుండా అద్దంలో చూసినట్టుగా ఉంది. తప్పు ఎక్కడుందో చెప్పగలరా? దానితో పాటు, ఇన్ని జీబీల మెమరీ ఉన్న ఈ రోజుల్లో రెండో మాత్రిక వద్దనడంలో నిజంగా ప్రయోజనం ఉందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.


నెల్లూరు డెవలపర్:

చెల్లీ, నీ ప్రోగ్రాంలో రెండో భాగం సరిగ్గానే ఉంది. తప్పంతా ట్రాన్స్‌పోజ్‌లో ఉంది. వ విలువ 0, ని విలువ 1 అయినప్పుడు 2, 5 అంకెలను నువ్వు మార్చావు. కాసేపటికి వ విలువ 1, ని విలువ 0 అవుతుంది. అప్పుడు అవే రెండు గళ్ళు మళ్ళీ ఎదురుపడతాయి, మళ్ళీ మార్చేస్తావు, 2 తన చోటికి, 5 తన చోటికి వెళ్ళిపోతాయి. ఇలా ప్రధాన వికర్ణానికి అటూ ఇటూ ఉన్న ప్రతి జంటా రెండుసార్లు మారి మొదటికే వచ్చింది. అంటే ట్రాన్స్‌పోజ్ జరిగి కూడా జరగనట్టే అయింది, మిగిలింది అడ్డు వరుసలు తిరగేయడం ఒక్కటే, అందుకే నీకు అద్దంలో బొమ్మ కనిపించింది.

వికర్ణానికి పై భాగంలో ఉన్న గళ్ళను మాత్రమే పట్టుకోవాలి. లోపలి లూప్‌ను, అంటే ‘ప్రతి ని’ అని మొదలై మళ్ళీ మళ్ళీ తిరిగే భాగాన్ని, ఇలా మార్చు:

ప్రతి ని, వ+1 నుంచి ప-1 వరకు:

ఇంతే మార్పు. నాలుగు వరుసల మాత్రికలో ఇప్పుడు ఆరు జంటలే మారతాయి, నువ్వు రాసిన పద్ధతిలో లోపలి లూప్ పదహారు సార్లు తిరిగేది. ఇకమీదట రెండు అంచెల్లో జరిగే పని రాసేటప్పుడు, మొదటి అంచె అవగానే మాత్రికను ఒకసారి అచ్చు వేసి చూసుకునే అలవాటు చేసుకో. ఇక్కడ అలా చూసి ఉంటే ట్రాన్స్‌పోజ్ తర్వాత కూడా 1 నుంచి 16 వరకు వరుసగానే కనిపించేవి, ఎక్కడ వెతకాలో నీకే తెలిసిపోయేది.

మెమరీ గురించి అడిగావు. నాలుగు వరుసల మాత్రికకు ఏ పద్ధతైనా ఒకటే. అదే 4096 వరుసలు, 4096 నిలువు వరుసలు ఉన్న ఫొటో తీసుకుంటే, ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) 4 బైట్ల చొప్పున 6,71,08,864 బైట్లు అవుతుంది, 1024 × 1024 బైట్లను ఒక మెగాబైట్‌గా తీసుకుంటే సరిగ్గా 64 మెగాబైట్లు. రెండో కాపీకి మరో 64 కావాలి. పెద్ద కంప్యూటర్‌లో అది లెక్కలోకి రాకపోవచ్చు, కానీ కొన్ని వందల కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉండే చిన్న బోర్డుల మీద చిన్నపాటి డిస్‌ప్లేని తిప్పవలసి వచ్చినప్పుడు రెండో కాపీకి చోటే ఉండదు. ఫోన్ కెమెరాలు చాలావరకు ఈ పని తప్పించుకుంటాయన్నది కూడా తెలుసుకోవడం మంచిది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చుక్కలను తిప్పకుండా, చూపించేటప్పుడు ఇటు తిప్పమని ఫొటోతో పాటు ఒక సంఖ్యను రాసి పెడతాయి. ఎగ్జిఫ్ అంటే ఫొటో ఫైల్లోనే ఉండే అదనపు సమాచారం, అందులో ఆ సంఖ్య 6 అయితే సవ్యదిశలో 90 డిగ్రీలు తిప్పి చూపించాలని అర్థం. ఆ సంఖ్యను పట్టించుకోని ప్రోగ్రాంలో ఫొటో పక్కకు వాలి కనిపించడానికి కారణం ఇదే.

వీలైతే ట్రాన్స్‌పోజ్ లేకుండా, నాలుగేసి గళ్ళను ఒకేసారి జరిపే పద్ధతి కూడా రాసి చూడు. మాత్రిక తిరగడమంటే ఏమిటో అందులో ఇంకా బాగా కనిపిస్తుంది.


చీమకుర్తి లెక్కల మాస్టారు:

అమ్మా, పైన తమ్ముడు చెప్పింది సరైన మాట. అయితే ట్రాన్స్‌పోజ్ చేసి తిరగేస్తే అది తిప్పినట్టు ఎందుకవుతుందో నీ నోట్సులో రాసి ఉండరని అనుకుంటున్నాను. ఆ కారణం తెలియకుండా వాక్యాన్ని బట్టీ పడితే, పరీక్షలో అపసవ్యదిశలో తిప్పమన్నప్పుడు మళ్ళీ చిక్కులో పడతావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్ళో గ్రానైట్ పలకలను పాలిష్ పట్టే షెడ్లు చాలా ఉన్నాయి. నల్లటి రాయి మీద బంగారు రంగు చుక్కలుండే గెలాక్సీ రాయిని చూసే ఉంటావు. చతురస్రంగా కోసి, ఒక ముఖానికి మాత్రమే పాలిష్ పట్టిన పలకను ఊహించుకో. దాన్ని పైఎడమ మూల నుంచి కిందికుడి మూలకు పోయే వికర్ణం మీదుగా బోర్లించావనుకో, పాలిష్ ముఖం కిందికి పోతుంది. ట్రాన్స్‌పోజ్ చేసే పని అదే. ఇప్పుడు పలక నడిమధ్యన నిలువు గీత ఉందనుకుని, దాని మీదుగా ఇంకోసారి బోర్లించు. పాలిష్ ముఖం మళ్ళీ పైకి వస్తుంది. అడ్డు వరుసలను తిరగేయడమంటే ఇదే. పాలిష్ ముఖం పైకే ఉంది, పలక తన నాలుగు మూలల్లోనే కూర్చుంది, కానీ మొదట ఉన్నట్టు లేదు, పావు చుట్టు తిరిగింది. రెండుసార్లు బోర్లిస్తే అది తిప్పడమే అవుతుంది, పైగా బోర్లించిన రెండు గీతల మధ్య కోణానికి రెట్టింపు తిరుగుతుంది. వికర్ణానికీ నిలువు గీతకూ మధ్య 45 డిగ్రీలుంటే తిరిగేది 90 డిగ్రీలు.

నీకు వచ్చిన తప్పు జవాబు ఒక్కసారే బోర్లించిన పలక. పాలిష్ ముఖం కిందనే ఉండిపోయింది. అలాంటి పలకను నేల మీద ఎన్నిసార్లు గుండ్రంగా తిప్పినా పాలిష్ పైకి రాదు కదా, అలాగే అద్దంలో బొమ్మను ఎంత తిప్పినా అసలు బొమ్మ రాదు. జవాబు చూడగానే అది అద్దంలో బొమ్మలా ఉందని నువ్వే గమనించావు. ఆ చూపు నిన్ను తప్పు దగ్గరికి తీసుకుపోగలిగేదే.

సూత్రంగా రాసుకుంటే, ట్రాన్స్‌పోజ్ వల్ల (వ, ని) గడిలోని అంకె (ని, వ) గడికి పోతుంది. అడ్డు వరుసను తిరగేస్తే నిలువు వరుస సంఖ్య స్థానంలో ప-1 నుంచి దాన్ని తీసివేసిన సంఖ్య వస్తుంది. కాబట్టి చివరికి అంకె చేరేది (ని, ప-1-వ) గడికి. సవ్యదిశలో తిప్పడానికి సూత్రం ఇదే. ఇవే రెండు పనులను వరుస మార్చి, ముందు తిరగేసి ఆ తర్వాత ట్రాన్స్‌పోజ్ చేస్తే (ప-1-ని, వ) గడికి చేరుతుంది, అది అపసవ్యదిశ. పనులు అవే అయినా వరుస మారితే దిశ మారుతుంది. ఈ ఒక్క విషయం పలక మీద గీసి చూసుకుంటే ఇక మరిచిపోవడం ఉండదు.


కావలి విద్యార్థిని:

మాస్టారు గారికీ అన్నయ్యకూ ధన్యవాదాలు. లోపలి లూప్‌ను వ+1 నుంచి మొదలుపెట్టగానే సరైన జవాబు వచ్చింది. మాస్టారు గారు చెప్పినట్టు ఒక అట్టముక్కకు ఒకవైపు రంగు వేసి రెండుసార్లు బోర్లించి చూశాను. రెండోసారి రంగు పైకి వచ్చినప్పుడు అది నిజంగానే పావు చుట్టు తిరిగి ఉంది.

అన్నయ్య చెప్పిన నాలుగు గళ్ళ పద్ధతి కూడా రాశాను. మాత్రికను ఒకదాని లోపల ఒకటి ఉన్న చతురస్రపు పొరలుగా తీసుకుని, బయటి పొర నుంచి లోపలికి వచ్చాను.

ప్రతి పొర, 0 నుంచి (ప ను 2 తో భాగించిన భాగఫలం) - 1 వరకు:
    మొదలు = పొర
    చివర = ప-1-పొర
    ప్రతి ని, మొదలు నుంచి చివర వరకు:
        జరుగు = ని - మొదలు
        చేతిలో = మా[మొదలు][ని]
        మా[మొదలు][ని] = మా[చివర-జరుగు][మొదలు]
        మా[చివర-జరుగు][మొదలు] = మా[చివర][చివర-జరుగు]
        మా[చివర][చివర-జరుగు] = మా[ని][చివర]
        మా[ని][చివర] = చేతిలో

వచ్చిన జవాబు:
16 9 5 13
14 11 10 2
15 7 6 3
4 12 8 1

బయటి పొరలో మూలలు తప్ప మిగిలినవన్నీ సరిగ్గా ఉన్నాయి. లోపలి పొరలో మాత్రం నాలుగు అంకెలూ తప్పే. ఒకే లూప్ బయట ఒకలా, లోపల ఇంకోలా ఎందుకు పనిచేస్తుందో అర్థం కావడం లేదు.


నెల్లూరు డెవలపర్:

నువ్వు నాలుగు గళ్ళను జరిపిన తీరులో తప్పు లేదు. పైగడిలోని అంకెను చేతిలో పట్టుకుని, ఎడమది పైకి, కిందిది ఎడమకు, కుడిది కిందికి జరిపి, చేతిలోనిది కుడివైపు పెట్టావు. అలా ఖాళీ అయిన చోటును వెనక్కు నింపుకుంటూ పోతే ఒక్క వేరియబుల్ చాలు, ఏ అంకే పోదు. నీ మొదటి సందేహానికి, అంటే ఏది ముందు రాయాలన్న దానికి, ఇదే సమాధానం.

తప్పు లూప్ ఎక్కడ ఆగాలన్న దగ్గర జరిగింది. గుడి చుట్టూ ఉండే నాలుగు మాడ వీధులను గుర్తు తెచ్చుకో. రెండు వీధులు కలిసే మూల మీద ఉన్న ఇల్లు రెండు వీధులదీ అవుతుంది. నాలుగు వీధుల్లోనూ ఇళ్ళు లెక్కపెట్టమని నలుగురిని పంపితే, ప్రతి ఒక్కరూ తమ వీధి చివరి మూల వరకూ లెక్కపెడితే, మూల ఇళ్ళు రెండేసిసార్లు లెక్కకు వస్తాయి. ప్రతి ఒక్కరూ మొదటి మూలను తమ లెక్కలో వేసుకుని, చివరి మూలను తర్వాతి వీధివాళ్ళకు వదిలేయాలి. నీ లూప్‌లో ని విలువ మొదలుకు సమానమైనప్పుడే నాలుగు మూలలూ జరిగిపోయాయి. అది చివరకు చేరినప్పుడు అవే మూలలు ఇంకో పావు చుట్టు తిరిగాయి. అందుకే 1 ఉన్న మూల కుడిపైకి రావలసింది పోయి కుడికిందికి పోయింది.

లోపలి పొరలో ఉన్నవి నాలుగు గళ్ళే, ఆ నాలుగూ మూలలే. కాబట్టి అక్కడ నాలుగూ తప్పాయి. లూప్ రెండు చోట్లా ఒకేలా పనిచేసింది, లోపల మూలలు కాని గళ్ళు లేవు, అంతే తేడా.

ప్రతి ని, మొదలు నుంచి చివర-1 వరకు:

ఇలా మారిస్తే బయటి పొరలో మూడు సార్లు, లోపలి పొరలో ఒకసారి, మొత్తం నాలుగు సార్లు తిరుగుతుంది. సారికి నాలుగు గళ్ళ చొప్పున పదహారు గళ్ళూ సరిపోతాయి. ఐదు వరుసల మాత్రికలో నాలుగూ రెండూ కలిపి ఆరు సార్లు, అంటే 24 గళ్ళు. మిగిలిన నడిమి గడి తన చోటు నుంచి కదలనవసరం లేదు, భాగఫలం తీసుకోవడం వల్ల నీ లూప్ దాని జోలికి పోదు కూడా.

రెండింటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే నా అభిప్రాయం ఇది. నాలుగు వరుసల మాత్రికకు ట్రాన్స్‌పోజ్ పద్ధతిలో ఆరూ ఎనిమిదీ కలిపి 14 మార్పిళ్ళు, మార్పిడికి మూడు కదలికలు వేసుకుంటే 42. నాలుగు గళ్ళ పద్ధతిలో నాలుగు సార్లు, సారికి ఐదు, మొత్తం 20. లెక్క ప్రకారం రెండోదే తక్కువ. అయినా నేను ఉద్యోగంలో రాసేటప్పుడు మొదటిదే రాస్తాను, ఎందుకంటే తర్వాత చదివే మనిషి ఒక్క చూపులో అది సరైనదో కాదో చెప్పగలడు. రెండు పద్ధతుల్లోనూ కాలం గళ్ళ సంఖ్యను బట్టే పెరుగుతుంది, అదనపు మెమరీ మాత్రిక ఎంత పెద్దదైనా పెరగదు. పైగా చాలా పెద్ద మాత్రికల్లో కదలికల సంఖ్య కన్నా మెమరీలో ఎంత దూరం గెంతుతున్నామన్నదే ముఖ్యమవుతుంది. ఇందాకటి 4096 వరుసల ఫొటోలో నిలువు వరుసలో ఒక గడి కిందికి దిగితే 16,384 బైట్లు గెంతినట్టు. ప్రాసెసర్ సాధారణంగా 64 బైట్ల చొప్పున క్యాష్‌లోకి, అంటే తన దగ్గరే ఉండే చిన్న వేగవంతమైన మెమరీలోకి, తెచ్చుకుంటుంది కాబట్టి, తెచ్చుకున్న పదహారు చుక్కల్లో ఒక్కటి వాడి పక్కకు పోవలసి వస్తుంది. అందుకే అలాంటి చోట మాత్రికను చిన్న చిన్న చతురస్రపు ముక్కలుగా చేసుకుని, ముక్క తర్వాత ముక్కగా పని పూర్తిచేస్తారు.


ఒంగోలు నుంచి ఒక పాఠకుడు:

చెల్లెలు పైథాన్‌లో రాస్తున్నానని చెప్పింది కాబట్టి, నేను రెండు రోజులు పోగొట్టుకున్న రెండు చోట్లు చెబుతాను.

మొదటిది: పైథాన్‌లో మాత్రికను అడ్డు వరుసల జాబితాగా (లిస్ట్‌గా) రాస్తాం. తిప్పే ఫంక్షన్ లోపల కొత్త జాబితా తయారుచేసి, దాన్ని మా అన్న పేరుకే ఇస్తే బయటి మాత్రిక మారదు. పేరు కొత్త జాబితాను పట్టుకుంటుంది, పాత జాబితా బయట అలాగే ఉంటుంది. ఫంక్షన్ లోపల అచ్చు వేస్తే సరిగ్గా కనిపిస్తుంది, బయటికి వచ్చి చూస్తే పాతదే ఉంటుంది. మా[:] అని రాసి దానికి ఇస్తే పాత జాబితాలోనే విలువలు మారతాయి. కానీ అప్పటికే కొత్త జాబితా తయారైంది కనుక అది ఉన్నచోటే తిప్పడం కిందికి రాదు.

రెండోది ఇంకా మోసపూరితమైనది. పరీక్షించడానికి సున్నాలతో మాత్రిక కావాలని ఒక అడ్డు వరుసను తయారుచేసి, దాన్ని గుణకారం గుర్తుతో ప సార్లు పెంచితే, వచ్చేవి ప వరుసలు కావు, ఒకే వరుసకు ప పేర్లు. ఒక గడిలో రాసింది ఆ నిలువు వరుసంతా కనిపిస్తుంది. ప్రతి వరుసనూ లూప్‌లో విడిగా తయారుచేయాలి. నేను ఈ చిక్కులో పడి సరిగ్గా ఉన్న నా తిప్పే ప్రోగ్రాంనే చెరిపి మళ్ళీ రాశాను.

అడ్డు వరుసలూ నిలువు వరుసలూ సమానంగా లేని మాత్రికకు పైన చెప్పిన పద్ధతులేవీ పనికిరావు. మూడు వరుసలు నాలుగు గళ్ళది తిరిగితే నాలుగు వరుసలు మూడు గళ్ళదవుతుంది, జాబితాల ఆకారమే మారిపోతుంది.


కావలి విద్యార్థిని:

ఇప్పుడు రెండు పద్ధతులూ సరైన జవాబిస్తున్నాయి. ఒకటి నుంచి ఆరు వరుసల వరకు ప్రతి పరిమాణానికీ పరీక్షించాను. వరుసగా నాలుగుసార్లు తిప్పితే మొదటి మాత్రిక రావాలి కాబట్టి అది వస్తుందో లేదో చూసేలా చిన్న పరీక్ష కూడా రాశాను. అన్నీ నెగ్గాయి. సున్నాల మాత్రికతో మాత్రం పరీక్షించలేదు.


చీమకుర్తి లెక్కల మాస్టారు:

అమ్మా, నీ పట్టుదల చూస్తే సంతోషంగా ఉంది. కానీ ఆ నాలుగుసార్ల పరీక్షను నమ్ముకోవద్దు. నువ్వు మొదట రాసిన అద్దం ప్రోగ్రాంనే ఆ పరీక్షకు పెట్టి చూడు. బోర్లించిన పలకను మళ్ళీ బోర్లిస్తే మొదటిదే కదా, రెండుసార్లకే మొదటికి వస్తుంది, నాలుగుసార్లకు తప్పకుండా వస్తుంది. మూలలు రెండేసి సార్లు తిరిగిన నీ రెండో ప్రోగ్రాం కూడా నెగ్గుతుంది. అందులో ప్రోగ్రాంను నడిపిన ప్రతిసారీ మూలలు అర చుట్టు తిరుగుతాయి, నాలుగుసార్లకు రెండు పూర్తి చుట్లు పూర్తయి తమ చోటికే వస్తాయి. తప్పు ప్రోగ్రాంలు రెండూ నెగ్గే పరీక్ష ఏం పరీక్ష?

రెండో మాత్రిక వద్దన్నది తిప్పే ప్రోగ్రాంకు పెట్టిన షరతు, పరీక్షకు కాదు. తిప్పకముందు మాత్రికకు ఒక నకలు తీసి పెట్టుకో. తిప్పిన తర్వాత, నకలులో (వ, ని) గడిలో ఉన్న అంకె, తిరిగిన మాత్రికలో (ని, ప-1-వ) గడిలో ఉందో లేదో ప్రతి గడికీ చూడు. నకలు తీసేటప్పుడు బయటి జాబితాను మాత్రమే కాకుండా ప్రతి అడ్డు వరుసనూ విడిగా నకలు తియ్యి, లేకపోతే ఒంగోలు అబ్బాయి చెప్పిన చిక్కే ఇక్కడా వస్తుంది. గళ్ళలో అన్నీ వేర్వేరు అంకెలుండాలి.


కావలి విద్యార్థిని:

మీరు చెప్పింది నిజమే మాస్టారూ. పాత ప్రోగ్రాంలు రెండింటినీ నా పరీక్షకు పెట్టాను, రెండూ నెగ్గాయి. మీరు చెప్పిన పరీక్ష రాసి అవే మళ్ళీ పెడితే, అద్దం ప్రోగ్రాం రెండు వరుసల మాత్రిక దగ్గరే ఆగింది, మూలల ప్రోగ్రాం కూడా అక్కడే ఆగింది. సరిచేసిన రెండూ ఆరు వరుసల వరకు నెగ్గాయి. సోమవారం ప్రాక్టికల్స్‌లో ప్రోగ్రాంతో పాటు ఈ పరీక్షను కూడా చూపిస్తాను.